చేవెళ్ల వాన, హైదరాబాదు వరద

హైదరాబాదు నుండి పడమరగా వికారాబాదుకు పోయే బాటమీద మొదట మొయినాబాదు, దాని తరువాత చేవెళ్ల వచ్చును. బాటకు ఇరువైపులా ఊడలు దిగిన పెద్ద మర్రిచెట్లు ఉన్నవి. వాటి వెనుక కూరగాయల మళ్ళు, పూలతోటలు, మెట్టచేలు. అక్కడక్కడ ఒక కుంట, ఒక చెరువు కట్ట. చూచేవారికి ఇది మామూలు తెలంగాణా పల్లెసీమగానే కనిపించును. కాని ఈ నేలమీద పడిన వాన చివరకు ఎక్కడికి చేరునో తెలుసుకొన్నవారు దీనిని మామూలు సీమ అనరు.

మొయినాబాదుకు ఒక వైపున ఉస్మాన్‌సాగరు, మరొక వైపున హిమాయత్‌సాగరు ఉన్నవి. ఈ సీమలో కురిసి పారిన నీరు కొంత మూసీలోనూ, కొంత ఈసీలోనూ పడి, ఈ రెండు సాగరాలలో ఏదో ఒకదానిని చేరును. అవి నిండిన తరువాత ఆ నీటికి ఉన్న దారి ఒక్కటే. అది హైదరాబాదు నగరం నడిబొడ్డు గుండా పోవును.

ఈ సాగరాలు ప్రకృతి ఇచ్చినవి కావు. 1908లో జరిగిన ఒక ఘోర ప్రమాదం తరువాత, 1909లో బయటినుండి పిలిపించబడిన ఒక ఇంజనీరు కొన్ని మాసాలపాటు ఇక్కడ ఉండి వేసిన లెక్కనుండి అవి పుట్టినవి. వాన ఎంత, అందులో ఇంకినది ఎంత, పారినది ఎంత, దానిని ఎక్కడ ఆపవలెను అనే ఆ లెక్కను నేటి శాస్త్రజ్ఞులు "నమూనా" అందురు. ఆ నమూనా ఎట్లు తయారయినదో, నూరేళ్ళకు పైబడిన తరువాత దానిని మరల ఎందుకు చూడవలసి వచ్చినదో తెలుసుకొనుట నగరవాసులకూ, ఈ పల్లెలవారికీ కూడ అవసరం.

రెండు నదులు, వందల చెరువులు

మూసీనది వికారాబాదు దగ్గరి అనంతగిరి కొండలలో పుట్టి తూర్పుగా పారును. అక్కడినుండి హైదరాబాదుకు సుమారు 90 కిలోమీటర్లు. నగరం దాటి నల్లగొండ సీమ మీదుగా పోయి వాడపల్లి దగ్గర కృష్ణలో కలియును. దాని ఉపనది ఈసీ కూడ పడమటి ఎత్తునేలలలోనే పుట్టి, మూసీకి దక్షిణంగా పారి, నగరం అంచున లంగర్‌హౌజు దగ్గర మూసీలో కలియును. ఆ సంగమస్థలాన్నే నేడు బాపూఘాట్ అందురు.

ఈ పరీవాహక ప్రాంతపు పడమటి భాగంలో నల్లరేగడి భూములు ఉన్నవి. వాటి క్రింద, పూర్వం భూగర్భంనుండి ఉబికివచ్చిన లావా గడ్డకట్టి ఏర్పడిన నల్లరాయి ఉన్నది. తూర్పుకు వచ్చినకొలది గ్రానైటు రాయి, దానిమీద పలుచని ఎర్రనేల కనిపించును. రెండు నేలలకూ ఒక గుణం సమానం. మొదటి వానను అవి ఆత్రంగా త్రాగును. ఒకసారి బాగా తడిసి నిండిన తరువాత పడినదంతా పైపైననే పారిపోవును.

అట్లు పారిపోయే నీటిని పట్టి నిలుపుటకే పూర్వులు వాగువాగుకూ కట్టలు కట్టినారు. ఇవి విడివిడి చెరువులు కావు, గొలుసుకట్టు చెరువులు. పై చెరువు నిండి మత్తడి దుమికితే ఆ నీరు వాగు వెంట క్రింది చెరువుకు చేరును. అది నిండితే దాని క్రిందిది. ఇట్లు ఒకే నీరు పది ఊళ్ళ పొలాలను తడుపుకొంటూ నదికి చేరును. హైదరాబాదుకు పైన మూసీ పరీవాహక ప్రాంతం 862 చదరపు మైళ్ళు, అనగా సుమారు 2,230 చదరపు కిలోమీటర్లు. అందులో 1908 నాటికి 788 చెరువులు ఉండినవి. ఇంచుమించు చదరపు మైలుకు ఒక చెరువు!

మామూలు సంవత్సరాలలో ఈ గొలుసు పల్లెలకు అన్నం పెట్టును. నగరానికి కూడ మేలు చేయును, ఎందువల్లననగా వాన నీరు ఒక్కసారిగా నదిలో పడక, చెరువు చెరువు దగ్గర ఆగి ఆగి వచ్చును. కాని గొలుసుకు ఒక ప్రమాదం ఉన్నది. పై చెరువుకు గండి పడితే, ఆ నీరంతా ఒక్క పెట్టున క్రింది చెరువుమీద పడును. దాని మత్తడి అంత నీటిని విడువజాలదు. నీరు కట్ట మీదుగా పొర్లి, మట్టి కట్టను కోసివేయును. అప్పుడు రెండు చెరువుల నీరు మూడవదానిమీద పడును. నీటిని ఆపవలసిన గొలుసే నీటిని కూడగట్టి క్రిందికి త్రోయును.

1908 సెప్టెంబరు 28

1908 సెప్టెంబరు 26న ఆరంభమైన వాన మరునాడు కూడ విడువలేదు. ఈసీ పరీవాహక ప్రాంతంలోని శంషాబాదులో ఒక వర్షమాపకం ఉండినది. అక్కడ 24 గంటలలో 12.8 అంగుళాలు, 48 గంటలలో 18.9 అంగుళాలు వాన నమోదయినది. నేటి కొలతలో చెప్పవలెనన్న సుమారు 325, 480 మిల్లీమీటర్లు. హైదరాబాదు సీమలో ఏడాది పొడవున పడే వానలో సగానికి పైబడిన వాన రెండు రోజులలో పడినదన్న మాట.

చెరువులు నిండినవి, మత్తడులు దుమికినవి, తరువాత కట్టలు తెగినవి. 788 చెరువులలో 221 చెరువులకు గండ్లు పడినవి. ఆ నీరంతా 28వ తేదీన నగరంమీద పడినది. అఫ్జల్‌గంజ్, ముసల్లంజంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు కొట్టుకొనిపోయినవి. 1578లో కుతుబ్‌షాహీల కాలంలో కట్టిన పురానాపూల్ మీదుగా కూడ నీరు పారినది, అయినను అది నిలిచినది. నదికి ఇరువైపులా ఉన్న వాడలకు వాడలే నేలమట్టమైనవి. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఆవరణలోని ఒక చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకొన్నారని చెప్పుదురు. నేటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఆ చెట్టును ఇప్పటికీ చూపుదురు.

మరణించినవారి సంఖ్య విషయంలో అంచనాలు వేరువేరుగా ఉన్నవి. పదిహేను వేలమంది అనే అంచనా తరచుగా వినిపించును. ఇల్లూ వాకిలీ పోగొట్టుకొన్నవారు అంతకు ఎన్నో రెట్లు. వరద తీసిన తరువాత నగరం ముందు నిలిచిన ప్రశ్న ఒక్కటే: ఇది మళ్ళీ రాకుండ చేయవచ్చునా?

పిలుపు అందుకొన్న ఇంజనీరు

అప్పటి నిజాము ఆరవ అసఫ్‌జా మీర్ మహబూబ్ అలీఖాన్. ఆయన ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించవలెనని నిర్ణయించినది. మైసూరు రాజ్యంలో పుట్టిన విశ్వేశ్వరయ్యగారు బొంబాయి ప్రభుత్వపు పబ్లిక్ వర్క్స్ శాఖలో పనిచేసి పేరు గడించినారు. పూనా దగ్గరి ఖడక్‌వాస్లా జలాశయానికి, వరద వచ్చినప్పుడు తమంతట తామే తెరుచుకొని, వరద తగ్గగానే మూసుకొనే తలుపులు అమర్చినవారు ఆయనే. ఆ ఉద్యోగం విడిచి విదేశయాత్రలో ఉండగా ఆయనకు హైదరాబాదు పిలుపు అందినది. యాత్ర ముగించుకొని 1909 ఏప్రిల్‌లో ఆయన పనిలో చేరినారు.

ప్రభుత్వం ఆయనకు అప్పగించిన పనులు మూడు. నగరాన్ని తిరిగి నిర్మించుటకు సలహా ఇచ్చుట, మళ్ళీ వరద రాకుండ కాపాడే ఉపాయం చెప్పుట, నగరానికి మురుగునీటి పారుదల పథకం తయారు చేయుట. ఇందులో రెండవది అన్నిటికంటె కష్టమైనది. నగరంలో నది ఒడ్డులు ఎత్తు చేయించి, గోడలు కట్టించి ఊరుకొనవచ్చును. ఆ పని కొంతవరకు చేయవలసినదే. కాని నగరం నిలబడి ఉన్న చోట నదిని ఎంతైనా వెడల్పు చేయుట సాధ్యం కాదు. కావున వరదకు మందు నగరంలో కాక, నీరు పుట్టే చోట వెదకవలెనని ఆయన నిశ్చయించినారు. నగరం చూడవచ్చిన ఇంజనీరు దృష్టి ఆ విధంగా పైనున్న పరీవాహక ప్రాంతం మీదికి, అక్కడి వాగుల మీదికి, చెరువుల మీదికి పోయినది.

కొలవని నీటిని లెక్కించుట

ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. 28వ తేదీన నదిలో ఎంత నీరు పారినదో కొలిచినవారు ఎవ్వరూ లేరు. అట్టి సమయంలో కొలుచుట ఎవరికీ సాధ్యం కాదు కూడ. అయితే వరద పోతూ తన ఆనవాళ్ళు విడిచిపోవును. గోడలమీద, చెట్లమీద, గుళ్ళమీద నీటి మట్టపు గుర్తులు ఉండును. ఆ గుర్తులనుబట్టి నీరు ఎంత లోతున, ఎంత వెడల్పున పారినదో తెలియును. నది వాలు ఎంతో కొలిస్తే నీటి వేగం ఊహించవచ్చును. నీటి అడ్డుకొలతను వేగంతో గుణిస్తే, సెకనుకు ఎన్ని ఘనపుటడుగుల నీరు పారినదో వచ్చును. ఇంజనీర్లు వరదలను అంచనా వేసే పద్ధతి ఇదే. 1908 వరద మిక్కిలి ఉధృతంగా ఉన్నప్పుడు సెకనుకు 4,25,000 ఘనపుటడుగుల నీరు పారినదని తేలినది.

ఈ సంఖ్య నమ్మదగినదా? దీనిని మరొక దారిన సరిచూడవచ్చును. పాఠకులు కాగితం, కలం తీసుకొని స్వయంగా ఈ లెక్క చేయవచ్చును. ఒక చదరపు మైలు నేలమీద ఒక అంగుళం వాన పడితే 23,23,200 ఘనపుటడుగుల నీరగును. శంషాబాదులో ఒక్క రోజున పడిన 12.8 అంగుళాలు 862 చదరపు మైళ్ళ పొడవునా పడినదనుకొందము. గుణిస్తే సుమారు 2,563 కోట్ల ఘనపుటడుగులు వచ్చును. శతకోటి ఘనపుటడుగులను ఒక టి.ఎం.సి. అందురు. ఆ లెక్కన ఇది 25 టి.ఎం.సి.లకు పైమాటే. దీనిని 24 గంటలలోని 86,400 సెకన్లతో భాగిస్తే సెకనుకు సుమారు 2,97,000 ఘనపుటడుగులు.

ఇక్కడ రెండు విషయాలు గమనింపదగినవి. మొదటిది, వాన అంతటా శంషాబాదులో వలె పడి ఉండదు. పడినదానిలో కొంత భూమిలో ఇంకి ఉండును. కాబట్టి అసలు సగటు ఇంతకంటె తక్కువే కావలెను. రెండవది, అయినప్పటికీ వరద శిఖరం ఈ సగటును మించి 4,25,000కు చేరినది. దీనికి కారణమేమి? వాన రోజంతా ఒకే తీరుగా పడదు, కొన్ని గంటలలో కుండపోతగా పడును. అది ఒక కారణం. అంతకు ముందే నిల్వ ఉన్న నీటితో సహా 221 చెరువులు తెగి ఒకదాని వెంట ఒకటి నదిలో పడుట మరొక కారణం. వాన ఒక్కటే ఆ వరదను తేలేదు. వానకు తెగిన కట్టలు తోడయినవి.

ఆపుట, అదుపులో విడుచుట

విశ్వేశ్వరయ్యగారు చెప్పిన ఉపాయం చెప్పుటకు సులభం. నగరానికి కొన్ని మైళ్ళ ఎగువన మూసీమీద ఒకటి, ఈసీమీద ఒకటి పెద్ద జలాశయాలు కట్టవలెను. పైనుండి వచ్చే వరద శిఖరాన్ని అవి తమలో పట్టి ఉంచవలెను. నగరంలోని నది భరించగలిగినంత నీటిని మాత్రమే క్రిందికి విడువవలెను. వరద మొత్తం తగ్గదు, దాని పదును మాత్రం విరుగును. ఒక్క గంటలో రావలసిన నీరు పది గంటలలో వచ్చును. ఎగువ ప్రాంతమంతా వందల చిన్న కట్టలు చేయలేకపోయిన పనిని, గట్టి పునాదిమీద కట్టిన రెండు పెద్ద కట్టలు చేయునని ఆయన నమ్మకం. 1909 అక్టోబరులో ఆయన తన నివేదిక సమర్పించినారు. ఆ ఏడాది చివరకే మైసూరు ప్రభుత్వపు ఛీఫ్ ఇంజనీరుగా వెళ్ళిపోయినారు.

1911లో మహబూబ్ అలీఖాన్ మరణించగా, మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఏడవ నిజాము అయినారు. 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడినది. సి.టి. దలాల్ అనే ఇంజనీరు జలాశయ నిర్మాణ బాధ్యత వహించినారు. మూసీమీద గండిపేట దగ్గర కట్టిన జలాశయం 1920లో పూర్తయినది. దానికి నిజాము పేర ఉస్మాన్‌సాగరు అని నామకరణం చేసినారు. ఈసీమీది జలాశయం 1927లో పూర్తయినది. దానికి నిజాము పెద్ద కుమారుడు హిమాయత్ అలీఖాన్ పేరు పెట్టినారు. ఉస్మాన్‌సాగరుకు 738, హిమాయత్‌సాగరుకు 1,311 చదరపు కిలోమీటర్ల నేలనుండి నీరు వచ్చును. మొదటిదానికి 15, రెండవదానికి 17 వరద తలుపులు ఉన్నవి.

వరదను ఆపుటకు పుట్టిన సాగరాలు నగరానికి దాహం కూడ తీర్చినవి. ఉస్మాన్‌సాగరు నగరంకంటె ఎత్తున ఉన్నది. అందుచేత పంపుల అవసరం లేకుండ, మూసిన కాలువ ద్వారా నీరు తనంతట తాను ఆసిఫ్‌నగరు వడపోత కేంద్రానికి చేరును. గండిపేట నీళ్ళు త్రాగినవాడు హైదరాబాదు విడిచిపోడని నగరంలో ఒక నానుడి ఏర్పడినది. తరువాతి కాలంలో మంజీర, కృష్ణ, గోదావరి జలాలు నగరానికి వచ్చినవి. అవి మాత్రం దూరంనుండి, విద్యుచ్ఛక్తి ఖర్చుతో ఎత్తిపోసిన నీళ్ళు.

అయితే ఈ రెండు ప్రయోజనాలకూ మధ్య ఒక వైరం ఉన్నది. త్రాగునీటికోసం జలాశయం నిండుగా ఉండవలెను. వరదను ఆపుటకు అందులో ఖాళీ ఉండవలెను. పూర్తి నీటిమట్టం వద్ద ఉస్మాన్‌సాగరులో 3.9 టి.ఎం.సి.లు, హిమాయత్‌సాగరులో సుమారు 2.97 టి.ఎం.సి.లు పట్టునని లెక్క. రెండూ కలిపి ఏడు టి.ఎం.సి.లకు కొంచెం తక్కువ. 1908లో వచ్చినట్టి వరద సెకనుకు 4,25,000 ఘనపుటడుగుల చొప్పున వస్తే, పూర్తిగా ఖాళీగా ఉన్న రెండు సాగరాలూ నాలుగున్నర గంటలలో నిండిపోవును. ముందే నిండి ఉంటే వచ్చిన నీటిని వచ్చినట్లే విడువవలసి ఉండును. అందుకే ఎగువన చేవెళ్లలో, షాబాదులో, వికారాబాదులో ఎంత వాన పడుచున్నదో గంట గంటకూ తెలియవలెను. ఆ వార్తనుబట్టి తలుపులు ముందుగా ఎత్తవలెను. కట్ట ఎంత బలమైనదైనా, ఎగువ వాన వార్త అందనిదే దాని ప్రయోజనం సగమే.

వాన తగ్గలేదు, నీరు తగ్గినది

1909నాటి లెక్కలో ఒక ఊహ దాగి ఉన్నది. ఎగువ నేల ఎప్పటివలెనే ఉండుననీ, ఇంత వానకు ఇంత నీరు పారుననీ ఆ ఊహ. ఇరవయ్యవ శతాబ్దం చివరికి ఈ ఊహ చెదిరినది.

హిమాయత్‌సాగరుకు వచ్చే నీరు ఏటికేడు ఎందుకు తగ్గుచున్నదనే ప్రశ్నను ఆస్ట్రేలియాలోని మెల్బోర్న్ విశ్వవిద్యాలయానికి చెందిన పరిశోధకులు చేపట్టినారు. వారిలో తెలుగువారు కూడ ఉన్నారు. వారి పరిశోధన ఫలితం 2014లో ప్రకటితమైనది. పరీవాహక ప్రాంతపు 1980 నుండి 2007 వరకు గల వివరాలను వారు పరిశీలించినారు. ఆ కాలంలో వాన చెప్పుకోదగినంతగా తగ్గలేదు. సాగరం చేరే నీరు మాత్రం తగ్గినది. కారణం ఆకాశంలో లేదు, నేలమీద ఉన్నది. బోరుబావులు, వాగులకు అడ్డంగా కట్టిన చిన్న ఆనకట్టలు, నీటి కుంటలు, మారిన సేద్యం ఈ మార్పు తెచ్చినవని వారు నిర్ణయించినారు.

ఈ తరహా పరిశోధనలో నమూనా అనగా మట్టితో చేసిన బొమ్మ కాదు. అది కరణంగారి జమాఖర్చుల పుస్తకం వంటిది. వాన జమ. నేల త్రాగినది, పైరు పీల్చినది, ఎండకు ఆవిరైనది, బోరు తోడినది ఖర్చు. మిగిలినది సాగరానికి చేరే నిల్వ. పరీవాహక ప్రాంతాన్ని చిన్న చిన్న ముక్కలుగా విభజించి, ప్రతి ముక్కకూ ప్రతి దినమూ ఈ జమాఖర్చు వేయుట కంప్యూటరు చేసే పని. లెక్కలో వచ్చిన నిల్వ, సాగరంలో కొలిచిన నీరు ఒకటిగా ఉంటే పుస్తకం సరియైనది. తేడా వస్తే ఏదో ఒక ఖర్చు పుస్తకానికి ఎక్కలేదన్న మాట. ఇక్కడ ఎక్కవలసిన పెద్ద ఖర్చులలో బోరుబావి ఒకటి. వాన వెలిసిన తరువాత కూడ భూమిలోనుండి ఊటగా వచ్చి వాగును పారించే నీటిని బోరు ముందే తోడివేయును.

దీనినిబట్టి ఇక వరద భయం లేదనుకొనుట పొరపాటు. మామూలు వానను బోరుతో ఎండిన నేల, ఖాళీ కుంటలు మ్రింగివేయును. అసాధారణమైన వాన వచ్చిననాడు ఆ కుంటలన్నీ నిండును, నేల నిండును, మిగిలినదంతా పారును. 2020 అక్టోబరులో హిమాయత్‌సాగరు తలుపులు ఎత్తవలసి వచ్చినది. 2025 సెప్టెంబరు చివర రెండు సాగరాలనుండి నీరు విడువగా, మూసీ పొంగి మహాత్మాగాంధీ బస్సు స్టేషనులోనికి వచ్చినది. ఏండ్ల తరబడి పలుచగా పారిన నది తన పాత దారిని మరువలేదు.

గడ్డకట్టిన నేలమీది చెరువులు

నేల మారితే చెరువు లెక్క తప్పునన్న సత్యం తెలంగాణాకే పరిమితం కాదు. దీనికి పూర్తిగా భిన్నమైన చలిదేశాలలో కూడ ఇదే అనుభవం కనిపించుచున్నది. సైబీరియా, అలాస్కా, కెనడా ఉత్తర భాగాలలో నేల చాల లోతువరకు ఏండ్ల తరబడి కరగక, గడ్డకట్టి ఉండును. నేలలోని మంచు నీటిని ఇంకనీయదు. అందుచేత ఆ మైదానాలలో లెక్కలేనన్ని చెరువులు ఉన్నవి. మనకు కట్ట ఎట్లో, వాటికి అడుగున ఉన్న మంచు అట్లు.

భూమి వేడెక్కుచున్నందున ఆ మంచు కరుగుచున్నది. మొదట నేల క్రుంగి క్రొత్త చెరువులు ఏర్పడును, ఉన్నవి పెద్దవగును. మంచు అడుగంటా కరిగిన చోట, లేదా ఒడ్డు తెగిన చోట, చెరువే మాయమగును. సైబీరియాలో 1973లోనూ, 1997–98లోనూ ఉపగ్రహాలు తీసిన చిత్రాలను పోల్చి చూచి, 125 పెద్ద చెరువులు పూర్తిగా అదృశ్యమైనవని 2005లో శాస్త్రజ్ఞులు ప్రకటించినారు. అక్కడ కూడ వాన తగ్గలేదు. నీటిని నిలిపి ఉంచిన నేలే మారినది. అట్టి చెరువులకు నమూనాలు తయారుచేయుటకు ఒక్క దేశపు పండితులు చాలరు. మంచు తెలిసినవారు, నీరు తెలిసినవారు, ఆ నేలమీద పుట్టి పెరిగినవారు కలిసి కూర్చొనవలెను. హైదరాబాదుకు 1909లో కావలసి వచ్చినదీ ఇటువంటి కలయికే. బయటినుండి వచ్చిన ఇంజనీరు విద్య ఎంత అవసరమో, ఏ చెరువు ఏ రాత్రి తెగినదో చెప్పగల ఊరివారి జ్ఞాపకం అంత అవసరం.

ఎనుబది నాలుగు గ్రామాలు

సాగరాల ఎగువ నేలను కాపాడవలెనన్న ఆలోచన 1990లలో చట్టరూపం దాల్చినది. 1996 మార్చి 8న అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 111వ నంబరు ఉత్తర్వు వెలువరించినది. రెండు సాగరాలకు 10 కిలోమీటర్ల లోపల కాలుష్యం కలిగించే పరిశ్రమలను, పెద్ద హోటళ్ళను, పెద్ద భవనాలను అది నిషేధించినది. ఆ హద్దులో మొయినాబాదు, చేవెళ్ల, శంషాబాదు మొదలగు మండలాలకు చెందిన 84 గ్రామాలు, సుమారు 1,32,000 ఎకరాల భూమి చేరినవి. ఈ హద్దులో ఒక నూనె కర్మాగారం పెట్టుటను గురించిన వివాదం సుప్రీంకోర్టు వరకు పోయినది. లక్షలమంది త్రాగే నీటికి ముప్పు కలుగవచ్చుననే అనుమానం ఉన్నప్పుడు, కీడు జరిగేవరకు వేచియుండరాదని, ముందుజాగ్రత్త పాటించవలెనని 1999లోనూ 2000లోనూ ఇచ్చిన తీర్పులలో న్యాయస్థానం స్పష్టం చేసినది.

అయితే ఈ పల్లెలవారికి ఒక న్యాయమైన బాధ ఉన్నది. హద్దుకు అవతలి భూమికి కోట్ల ధర పలుకుచుండగా, ఇవతలి రైతు తన భూమిని అట్లు ఉపయోగించుకొన వీలు లేకపోయినది. లాభం నగరానిది, త్యాగం పల్లెది అని వారు అడిగినారు. అదే సమయంలో నిషేధం ఉన్నచోటనే అనుమతి లేని కట్టడాలు కూడ లేచినవి. నగరానికి ఇప్పుడు దూరంనుండి నీరు వచ్చుచున్నదిగదా అనే వాదం బలపడినది. 2022 ఏప్రిల్ 12న తెలంగాణా ప్రభుత్వం 69వ నంబరు ఉత్తర్వుతో, సాగరాల నీటికి చెరుపు కలుగరాదనే షరతుమీద ఆ నిషేధాలను తొలగించినది. దానిమీద వాదప్రతివాదాలు చెలరేగినవి.

ఈ వాదంలో శాస్త్రం ఒక పక్షం వహించి తీర్పు చెప్పజాలదు. కాని ఒక హెచ్చరిక చేయగలదు. ఒక ఎకరం చేనుమీద వాన పడితే కొంత ఇంకును, కొంత నిలుచును, కొంత నిదానంగా పారును. అదే ఎకరం సిమెంటుతో కప్పబడితే పడినదంతా వెంటనే పారును. ఒక కుంట పూడిపోతే దానిలో నిలువవలసిన నీరు కూడ ఆ పారుదలకు తోడగును. వరద శిఖరం మునుపటికంటె త్వరగా, మునుపటికంటె ఎత్తుగా వచ్చును. సాగరాలు మాత్రం 1920లో, 1927లో కట్టినవే. వాటి తలుపులు, వాటి కొలతలు ఆనాటి నేలను చూచి నిర్ణయించినవి. నేలను మార్చదలచినవారు ముందు లెక్కను మార్చి చూచుకొనవలెను. ఎంత నేల కప్పవచ్చును, ఏ వాగును ముట్టరాదు, ఏ కుంటను పూడిక తీసి బాగుచేయవలెను అనే ప్రశ్నలకు సమాధానం ఆ లెక్కలోనే ఉన్నది. నగరంకోసం భూమిని చేనుగానే ఉంచే రైతుకు నగరం ఏమి ఇయ్యవలెనన్నది కూడ ఆ జమాఖర్చులో ఒక పద్దు కావలెను.

1909లో విశ్వేశ్వరయ్యగారికి లభించినది శంషాబాదులోని వర్షమాపకం వంటి కొద్దిపాటి ఆధారాలు, గోడలమీది వరద గుర్తులు, తెగిన చెరువుల జాబితా. వాటితోనే ఆయన ఒక నగరాన్ని కాపాడే లెక్క కట్టగలిగినారు. నేడు ఉపగ్రహాలు ఉన్నవి, రాడారులు ఉన్నవి, క్షణంలో లెక్క కట్టే యంత్రాలు ఉన్నవి. ఎగువన ఉన్న ప్రతి చెరువు కట్టనూ, ప్రతి మత్తడినీ ఏటా వానలకు ముందు తనిఖీ చేసే అలవాటు కూడ వాటికి తోడు కావలెను. 1908లో నగరాన్ని ముంచిన నీరు మొదట తెంచినది ఎగువ పల్లెల చెరువులను. చేవెళ్లలో ఒక కుంట కట్ట గట్టిగా ఉన్నంతకాలం, మూసీ ఒడ్డున నిద్రపోయే ఇంటికి అది మొదటి కాపలా.